ఒకే దస్తర్‌ఖాన్, ఇద్దరి నిర్ణయం

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నేలను మన పెద్దలు నడిగడ్డ అన్నారు. అయిజ ఆ గడ్డమీది పట్టణం. 1956 వరకు రాయచూరు జిల్లాలోను, ఆపైన ఆరు దశాబ్దాలు మహబూబ్‌నగర్ జిల్లాలోను ఉండి, 2016 అక్టోబరు నుంచి జోగులాంబ గద్వాల జిల్లాలో లెక్కకు వస్తోంది. జిల్లాలు మారినా ఈ ప్రాంతపు పాత భోజనం చాలాకాలం మారలేదు. జొన్నరొట్టె, కందిపప్పు, పల్లీల కారం, పుంటికూర రోజువారీ తిండి. మాంసం వారానికి ఒకనాడో, పండుగకో, చుట్టాలు వచ్చినప్పుడో వండేవారు. నేడు ఆ క్రమం తలకిందులైంది. కోడిమాంసం ప్రతి వీధిలో దొరుకుతోంది, జొన్నరొట్టె అపురూపమైపోయింది.

ఈ మార్పుతోపాటే మన ఇళ్లలో ఒక కొత్త ప్రశ్న తలెత్తుతోంది. భర్తకు చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్నాయని తేలుతుంది. వైద్యుడు మాంసం, నూనె తగ్గించమంటాడు. మరో ఇంట్లో చదువుకున్న కోడలు, జంతువులను ఇరుకు పంజరాలలో పెంచే తీరు చూసి, ఇక మాంసం తినలేనంటుంది. ఇంకో ఇంట్లో ఇద్దరూ కలిసి పాలు, గుడ్లు సైతం విడిచి కేవలం మొక్కల నుంచి వచ్చే ఆహారంతో జీవించాలని తలపోస్తారు. అప్పుడు సందేహాలు వరుసగా వస్తాయి. ఇది ధర్మసమ్మతమేనా? ఒకరు మానేస్తే రెండోవారు మానేయాలా? పిల్లల సంగతేమిటి? బక్రీదు నాడు ఏం చేయాలి? అత్తగారికి ఏమని చెప్పాలి?

మాంసాహారాన్ని ముస్లిముల ప్రత్యేక లక్షణంగా చూడటం ఒక పొరపాటు. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ నమూనా నమోదు సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు పైబడినవారిలో 98 శాతానికి పైగా మాంసాహారులే. కనుక తినడం ఒక మతస్థుల గుర్తూ కాదు, మానడం మరొకరి గుర్తూ కాదు. అల్లాహ్ దృష్టిలో మనిషి పవిత్రతను కొలిచేది దైవభీతి మాత్రమే. ఈ స్పష్టతతో విషయాన్ని పరిశీలిద్దాం.

మానుకోవడం వేరు, నిషేధించుకోవడం వేరు

పశువులలో మనకు వెచ్చదనం, ప్రయోజనాలు ఉన్నాయని, వాటిని మనం తింటున్నామని నహ్ల్ సూరా అయిదవ ఆయత్ అల్లాహ్ అనుగ్రహంగా గుర్తుచేస్తుంది. దైవప్రవక్త (స) మాంసం భుజించారు. ముంజేతి భాగపు మాంసం ఆయనకు ఇష్టమని హదీసులు తెలుపుతున్నాయి. కాబట్టి మాంసాన్ని అపవిత్రమైనదిగా, తినేవారిని తక్కువవారిగా భావించే ఆలోచనకు ఇస్లాంలో తావు లేదు. అల్లాహ్ ధర్మసమ్మతం చేసిన మంచి వస్తువులను మీకై మీరు నిషిద్ధం చేసుకోవద్దని మాయిదా సూరా 87వ ఆయత్ హెచ్చరిస్తుంది. సహాబీలలో కొందరు పెళ్లి మానుకుంటామని, మాంసం ముట్టమని, పరుపుపై పడుకోమని సంకల్పించుకున్న సంగతి సహీహ్ ముస్లింలో ఉంది. ఆ వార్త విన్న దైవప్రవక్త (స) దానిని ఆమోదించలేదు. తన సంప్రదాయం నుంచి ముఖం తిప్పుకున్నవాడు తనవాడు కాదని స్పష్టం చేశారు.

అయితే ఇదే ధర్మం వ్యక్తి ఇష్టాయిష్టాలకు కూడా చోటిచ్చింది. ఒకసారి కాల్చిన ఉడుము లాంటి ఎడారి జంతువు మాంసం భోజనానికి వచ్చింది. దైవప్రవక్త (స) చేయి వెనక్కి తీసుకున్నారు. ఇది నిషిద్ధమా అని ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడగ్గా, కాదని, తన జాతి వారి నేలపై అది దొరకదు కనుక తనకు మనసొప్పలేదని చెప్పారు. ఖాలిద్ (రజి) ఆయన ఎదుటే తిన్నారు. తిననివారు తినేవారిని ఆపలేదు, తిన్నవారు తిననివారిని తప్పుబట్టలేదు. ఒకే దస్తర్‌ఖాన్‌పై ఇద్దరికీ చోటు దొరికింది. ఆరోగ్యం కోసమో, రుచించకనో, జీవకారుణ్యంతోనో మాంసం తినకుండా ఉండదలచిన వ్యక్తికి ఈ సంఘటన చాలినంత ఊరటనిస్తుంది. అతను పాటించవలసినది ఒకటే: దానిని ధర్మంగా ప్రకటించరాదు, ఎవరిమీదా రుద్దరాదు.

మితం విషయంలో మన పూర్వికులు మరింత స్పష్టంగా ఉన్నారు. నెలవంక వెంట నెలవంక వచ్చి రెండు నెలలు గడిచినా దైవప్రవక్త (స) గారి ఇళ్లలో పొయ్యి రాజేయని రోజులుండేవని, ఖర్జూరాలు, నీళ్లే ఆహారమని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. మాంసం వ్యసనంగా మారే ప్రమాదం ఉందని హజ్రత్ ఉమర్ (రజి) హెచ్చరించినట్లు ఇమామ్ మాలిక్ (రహ్మలై) గారి మువత్తాలో ఉంది. ఒక దర్జీ ఇచ్చిన విందులో దైవప్రవక్త (స) పళ్లెంలోని సొరకాయ ముక్కలను వెతికి మరీ తినడం చూసి, ఆనాటి నుంచి తనకూ సొరకాయ ఇష్టమైందని హజ్రత్ అనస్ (రజి) చెప్పుకున్నారు. ఆ వంటకంలో ఎండుమాంసం కూడా ఉంది. వెతికినది మాత్రం సొరకాయను.

దాంపత్యమూ తిండీ: రెండు ఆయత్‌లు

తిండికీ దాంపత్యానికీ ఉన్న సంబంధాన్ని దివ్య ఖుర్ఆన్ రెండు చోట్ల ప్రస్తావించింది. ఈ చర్చకు అవి మూలస్తంభాలు.

మొదటిది తహ్రీమ్ సూరా ప్రారంభం. దైవప్రవక్త (స) ఒక సతీమణి ఇంట తేనె సేవించారు. మరో ఇద్దరు సతీమణులకు అది నచ్చలేదని గ్రహించి, ఇకపై తేనె ముట్టనని అన్నారు. భార్యల సంతోషం కోసం అల్లాహ్ ధర్మసమ్మతం చేసినదానిని ఎందుకు నిషిద్ధం చేసుకుంటున్నావని ఆయత్ అవతరించింది. జీవిత భాగస్వామి ప్రేమను కోరడం ఇక్కడ తప్పు కాదు. ప్రేమ కోసం శాశ్వత నిషేధాన్ని నెత్తిన వేసుకోవడమే సరికాదని బోధపడుతోంది. కాబట్టి ‘నీ కోసం జన్మలో మాంసం ముట్టను’ అని ప్రమాణం చేయవద్దు. అలా ప్రమాణం చేసి భంగపరచినవారు పరిహారం చెల్లించవలసి ఉంటుంది. పదిమంది నిరుపేదలకు అన్నం పెట్టాలి, లేదా వస్త్రాలివ్వాలి. ఆ స్తోమత లేకుంటే మూడు రోజులు ఉపవాసముండాలి (మాయిదా: 89). ‘ప్రస్తుతానికి ఇలా తిందాం’ అనే సంకల్పం చాలు.

రెండవది బఖరా సూరా 233వ ఆయత్. తల్లిదండ్రులు పరస్పర అంగీకారంతో, సంప్రదింపుతో బిడ్డకు పాలు మాన్పించదలిస్తే దోషం లేదని అందులో ఉంది. గమనించండి. పసిబిడ్డ పాలు మాన్పడం వంటి ఇంటి విషయంలోనే ఇద్దరి అంగీకారాన్ని, మష్వరాను అల్లాహ్ షరతుగా పెట్టాడు. అలాంటప్పుడు ఇంటిల్లిపాది భోజనాన్ని మార్చే నిర్ణయం భర్త ఒక్కడి హుకుంగా గాని, భార్య ఒక్కతె అలకగా గాని ఎలా ఉండగలదు?

వాస్తవంలో జరుగుతున్నదేమిటి? భర్త మానేస్తానంటాడు, వంట రెండింతలవుతుంది. అతనికి ఒక కూర, పిల్లలకు మరొకటి, అత్తమామలకు ఇంకొకటి. పప్పు నానబెట్టాలి, ఆకుకూర ఏరాలి, రొట్టెలు తట్టాలి. ఆరోగ్యం భర్తది, శ్రమ భార్యది. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనులలో సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన మాట ఇక్కడ జ్ఞాపకం రావాలి. ఆహారం మార్చుకుంటానన్న భర్త ఆకుకూర ఏరడానికైనా కూర్చోవాలి. కూర్చోనివాడు మార్చింది తన ఆహారాన్ని కాదు, భార్య పనిభారాన్ని.

అబూ దర్దా (రజి) ఆరాధనలో మునిగి భార్యను పట్టించుకోకపోతే సల్మాన్ ఫార్సీ (రజి) ఆయనను వారించారు. నీ ప్రభువుకు, నీ శరీరానికి, నీ ఇంటివారికి నీపై హక్కులున్నాయని గుర్తుచేశారు. దైవప్రవక్త (స) సల్మాన్ మాటను సమర్థించారు. ఆరాధనే ఇంటివారి హక్కును మింగరాదన్నప్పుడు ఆహార నియమం ఎలా మింగగలదు?

నాగౌర్ దంపతులు

మాంసం లేని జీవనాన్ని ఎంచుకున్న ముస్లిం పెద్దలు మన దేశ చరిత్రలో లేకపోలేదు. ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీ (రహ్మలై) శిష్యులలో ఒకరైన సూఫీ హమీదుద్దీన్ నాగౌరీ 1274లో మరణించారు. రాజస్థాన్‌లోని నాగౌర్ సమీపాన సువాల్ అనే పల్లెలో మట్టి ఇంట నివసించారు. ఆయన ఆస్తి ఒక్క బిఘా నేల, ఒక ఆవు. సగం నేల ఒక పంటకు, తక్కిన సగం మరో పంటకు దున్నేవారు. మాంసం తినేవారు కాదు. తన పేరిట మాంసం పంచవద్దని కూడా కోరారు. ఆయన సంభాషణలు సురూరుస్సుదూర్ అనే గ్రంథంలో భద్రమయ్యాయి. ఆ ఇంటి పొయ్యి, రాట్నం ఆయన సతీమణి చేతిలో ఉండేవి.

ఆయనకు పాలకుల నుంచి ఒక గ్రామం, 500 వెండి టంకాలు కానుకగా వచ్చాయి. ఆయన వెంటనే కాదనలేదు, ఔననలేదు. లోపలికి వెళ్లి భార్యను అడిగారు. ఆనాడు ఆమె తలపై కప్పుకోను బట్ట లేదు, ఆయన నడుముకున్నది చిరిగిన గుడ్డ. ఇన్నేళ్ల ఫకీరీని పాడుచేసుకుంటారా అని ఆమె ప్రశ్నించింది. తాను రెండు సేర్ల నూలు వడికానని, దానితో ఆయనకో పంచె, తనకో ఓఢ్నీ వస్తాయని చెప్పింది. కానుక తిరిగి వెళ్లింది.

ఈ కథలో కేవలం త్యాగాన్ని చూస్తే సగమే చూసినట్లు. వారి నిరాడంబర జీవనం నిలిచింది ఆమెను అడిగినందువల్ల, ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకున్నందువల్ల. అయితే వారు తమ నియమాన్ని షరీఅత్‌గా మార్చలేదన్నదీ మరువరాదు. పత్తి పండే నడిగడ్డలో, దూది ఏకి బతికిన దూదేకుల కుటుంబాలున్న ఈ తెలుగునేలలో, ఆ రెండు సేర్ల నూలు విలువ విడమరచి చెప్పనక్కరలేదు.

నడిగడ్డ పొలం నుంచి పళ్లెం వరకు

ఇద్దరూ ఒప్పుకున్నారనుకుందాం. ఏం తినాలి? మాంసం తీసేసి, ఆ స్థానంలో మరింత అన్నం, మరింత పచ్చిపులుసు పోసుకుంటే అది ఆరోగ్యం కాదు. చక్కెర వ్యాధి ఉన్నవారికి హాని కూడా.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాలలో, రోజుకు 2000 కేలరీలు తీసుకునే వ్యక్తికి సుమారు 250 గ్రాముల ధాన్యాలు, 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు, 85 గ్రాముల పప్పులు, 35 గ్రాముల గింజలు, 300 మిల్లీలీటర్ల పాలు సూచించారు. 65 కిలోల పురుషుడికి రోజుకు 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి 46 గ్రాముల మాంసకృత్తులు కావాలన్నది అదే సంస్థ లెక్క.

ఈ లెక్కను మన వంటింటి భాషలో చూద్దాం. 200 గ్రాముల జొన్నపిండిలో 20 గ్రాములు, 60 గ్రాముల కందిపప్పులో 13 గ్రాములు, 30 గ్రాముల పల్లీలలో 7 గ్రాములు, 40 గ్రాముల అలసందలలో 8 గ్రాములు, ఒక పెద్ద గిన్నెడు పెరుగులో 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి. మొత్తం 54 గ్రాములు. ఇవన్నీ ఈ ప్రాంతపు నేలకు పరిచయమైన తిండ్లే. కాని పప్పు గట్టిగా ఉండాలి. నీళ్లలో గుప్పెడు పప్పు వేసి ఇల్లంతా పంచుకునే పప్పుచారు ఈ లెక్కకు రాదు.

ధాన్యంలో లైసిన్ అనే భాగం తక్కువ, పప్పులో ఎక్కువ. రెండూ కలిపి తింటే లోటు పూడుతుంది. రొట్టెతో పప్పు తినే అలవాటులో ఈ వివేకం ఉంది. కాని రొట్టె ఒక్కటే చాలదన్న చేదు పాఠం కూడా దక్కన్ నేలదే. పేదలు జొన్న మీదే ఆధారపడిన కాలంలో పెల్లాగ్రా అనే వ్యాధి వచ్చేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగిలేది, విరేచనాలు పట్టేవి, మతి చలించేది. జొన్నలో ల్యూసిన్ అధికంగా ఉండటం అందుకు కారణమని 1960లో హైదరాబాద్ పరిశోధకులు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ప్రతిపాదించారు. ఆ వ్యాధిని నివారించే నియాసిన్ పల్లీలలో సమృద్ధిగా ఉంటుంది. జొన్నరొట్టె పక్కన పల్లీల కారం, పప్పు, ఆకుకూర ఉంటే భయం లేదు. బూజు పట్టిన పల్లీలను మాత్రం నిర్దాక్షిణ్యంగా పారేయాలి. వాటిలోని విషం కాలేయానికి చేటు.

ముందుగా నష్టపోయేది ఎవరు?

ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. చాలా ఇళ్లలో స్త్రీ అందరికీ వడ్డించి చివర తింటుంది. మాంసం ముక్కలు ఎలాగూ ఆమె వరకు రావు. మాంసం ఆగిపోయి దాని స్థానంలో పప్పు, గింజలు పెరగకపోతే, మిగిలిన ఆ కాస్త పోషణా ఆమె పళ్లెంలోంచే ముందు పోతుంది.

స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము అవసరమని, పురుషుడికి 19 చాలునని పోషకాహార సంస్థ చెబుతోంది. మొక్కల ఇనుము శరీరానికి అంత సులువుగా ఒంటబట్టదు. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే, భోజనంతో జామపండు తింటే ఒంటబట్టడం పెరుగుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే తగ్గుతుంది. కనుక చాయ్‌కి, భోజనానికి కనీసం గంట ఎడం పెట్టాలి.

బి12 విటమిన్ సంగతి మరీ గంభీరమైనది. అది మొక్కలలో దొరకదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం దాని ఆధారాలు. కాలేయంలో నిల్వ ఉండటంవల్ల లోటు వెంటనే బయటపడదు. కొన్నేళ్ల తరువాత తిమ్మిర్లు, నీరసం, మరపు రూపంలో కనబడుతుంది. పాలు, గుడ్లు కూడా మానేసినవారు వైద్యుని సలహాతో బి12 మాత్రలు తప్పక వాడాలి. గర్భవతి, పాలిచ్చే తల్లి ఈ విషయంలో ఏమాత్రం అశ్రద్ధ చేయరాదు. తల్లిలోని లోటు బిడ్డ నరాలకు, మెదడుకు తగులుతుంది. చక్కెర వ్యాధికి మెట్‌ఫార్మిన్ వాడేవారిలోనూ బి12 తగ్గవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా ఆహారం మార్చరాదు.

ఇద్దరూ కలిసి మొదలుపెట్టే ముందు ఇద్దరూ కలిసి రక్తపరీక్ష చేయించుకోవడం ఉత్తమం. భర్త చక్కెర పరీక్షకు వెళ్లే రోజే భార్య హిమోగ్లోబిన్ కూడా చూపించుకోవాలి. ఆమె రక్తహీనత కుదుటపడేదాకా గుడ్డు, పాలు మానకపోవడమే మేలు.

ఖుర్బానీ, అతిథి, అత్తవారిల్లు

శాకాహారం ఖుర్బానీ నుంచి మినహాయింపు కాదు. స్తోమత కలిగినవారిపై ఖుర్బానీ వాజిబ్ అన్నది హనఫీ మతానుయాయుల అభిప్రాయం. కాని ఖుర్బానీ చేయడం వేరు, ఆ మాంసం తినడం వేరు. తినడం వాంఛనీయమే గాని తప్పనిసరి కాదు. మాంసాన్ని మూడు భాగాలు చేసే ఆచారం మనకు తెలిసినదే. తమ భాగాన్ని కూడా పేదలకు ఇచ్చే దంపతులు దానం పెంచినవారవుతారు. మాంసం, రక్తం అల్లాహ్‌ను చేరవని, చేరేది దైవభీతేనని హజ్ సూరా 37వ ఆయత్ బోధిస్తోంది. జంతువుపై జాలితో మాంసం మానినవారికి ఒక అదనపు బాధ్యత కూడా ఉంది: కత్తి పదును పెట్టాలని, జంతువును బాధించరాదని దైవప్రవక్త (స) ఇచ్చిన ఆదేశం తమ ఖుర్బానీలో అమలయ్యేలా చూడటం.

అతిథికి అతని ఇష్టం ప్రకారం పెట్టడం మర్యాద. మన నియమం అతనికి శిక్ష కారాదు. మనం అతిథులుగా వెళ్లినప్పుడు దైవప్రవక్త (స) ఆదర్శం చాలు. ఆయన ఏ ఆహారాన్నీ తప్పుపట్టలేదు. నచ్చితే తిన్నారు, లేకుంటే వదిలేశారు. బగారా అన్నం, ఖట్టీ దాల్, బగారా బైంగన్ ఉన్న విందులో ఉపన్యాసాలు అవసరం లేదు, మౌనంగా వడ్డించుకుంటే సరిపోతుంది. అత్తమామలకు ముందుగా భర్త చెప్పాలి. కోడలి నోట వస్తే అది ధిక్కారంగా వినబడుతుంది. ‘నా ఆరోగ్యం కోసం, ఇద్దరం కలిసి అనుకున్నాం’ అని కొడుకు చెబితే ఆ తల్లి మనసు నొచ్చుకోదు.

పిల్లల విషయంలో తొందర వద్దు. పెరిగే వయసులో గుడ్డు, పాలు ఉంచడం క్షేమం. బంధువుల ఇంట మాంసం తిన్న బిడ్డను తప్పు చేసినట్లు చూడరాదు. ధర్మసమ్మతమైనదానిని పాపమని పసిమనసులో నాటడం మాయిదా సూరా హెచ్చరికను మరవడమే.

ఎలా మొదలుపెట్టాలి?

మొదటి నెలలో వారానికి మూడు రోజులు చాలు. వారంలో ఏ పూట ఏది వండాలో దంపతులిద్దరూ ముందే కూర్చుని రాసుకోవాలి. పుంటికూర పప్పు, సొరకాయ దాల్చా, ఉలవచారు, అలసందల కూర, మునగాకు, నువ్వుల పొడి: ఇన్ని ఉండగా రుచికి కొరతేమిటి? మాంసం మీద మిగిలిన డబ్బు పప్పులు, పల్లీలు, పండ్ల మీద ఖర్చు కావాలి, నూనెలో వేయించిన బజ్జీల మీద కాదు. వారానికొకసారి ఇద్దరూ మాట్లాడుకోవాలి. నీరసంగా ఉందా, పని ఎక్కువైందా, పిల్లలు తింటున్నారా అని అడగాలి. ఒకరికి కష్టమైతే మరొకరు సడలించాలి. ఒకరు పూర్తిగా మాని, మరొకరు కొద్దిగా తిన్నా సంసారానికి లోటు లేదు.

రైతు కుటుంబాలకు మరొక మాట. 1983లో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక అన్నం పెరిగి జొన్న తగ్గింది. ఆపైన విత్తన పత్తి, మిరప విస్తరించి పప్పుపంటల చోటు తీసుకున్నాయి. నేడు నేల ఉన్న ఇల్లు కూడా కందిపప్పు కొనుక్కుంటోంది. ఇంటి అవసరానికి సరిపడా కంది, జొన్న, అలసందలు ఒక మడిలో వేసుకుంటే పళ్లెం నిండుతుంది. కోతనాడే పంట హక్కు చెల్లించమని, వృథా చేయవద్దని అన్ఆమ్ సూరా 141వ ఆయత్ ఆదేశించింది. ఆ పంటలోంచి ఉష్ర్ వెళ్తే పొరుగువారి పళ్లెం కూడా నిండుతుంది. కూరలో నీళ్లెక్కువ పోసైనా పొరుగువారికి పంపమన్న హదీసు మాంసపు పులుసుకే పరిమితం కాదు, పప్పుకూ వర్తిస్తుంది.

మానవుడు తన ఆహారం వైపు ఒకసారి చూడాలని అబస సూరా చెబుతుంది. వాన కురవడం, నేల చీలడం, గింజ, ద్రాక్ష, కూరగాయ, ఖర్జూరం మొలకెత్తడం వరుసగా చూపిస్తుంది. ఆ చూపుతో భార్యాభర్తలు పళ్లెం ముందు కూర్చున్నప్పుడు అందులో మాంసం ఉందా లేదా అన్నది చిన్న ప్రశ్న అవుతుంది. ఆ పళ్లెం ఇద్దరినీ అడిగి నింపినదేనా, చివర తినే మనిషికి చాలినంత మిగిలిందా అన్నవే పెద్ద ప్రశ్నలు. వాటికి ఔనని చెప్పగల ఇంట అల్లాహ్ శుభాన్ని, ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.